సుకుమా వికీ చుట్టిన కవరు: ఆఫ్రికాలో ప్లాస్టిక్ నిషేధం ఎవరి మీద పడింది?

సాయంత్రం పనుల నుంచి జనం ఇళ్లకు మళ్లే వేళకు కెన్యా రాజధాని నైరోబీ పేటల్లో రోడ్డు పక్క కూరగాయల బల్లల దగ్గర రద్దీ మొదలవుతుంది. ఆ బల్ల నడిపే ఆవిడను అక్కడ 'మామా మ్బోగా' అంటారు. అంటే కూరగాయలమ్మ. ఆమె దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది సుకుమా వికీ అనే ముదురాకుపచ్చ ఆకుకూర. స్వాహిలీలో ఆ మాటకు 'వారాన్ని నెట్టు' అని అర్థం. జీతం రాళ్లు చేతికొచ్చేదాకా నాలుగు రోజులు నెట్టుకు రావడానికి పనికొచ్చే కూర కాబట్టి ఆ పేరు. మామా మ్బోగా ఆకులన్నీ కలిపి చుట్టగా చుట్టి, చేతిలోనే పట్టుకుని, కత్తితో దారాల్లా సన్నగా తరుగుతుంది. కొన్నవాళ్లు ఇంటికెళ్లి పొయ్యి మీద వేసుకోవడమే. తరిగిన ఆకును ఒకప్పుడు పలచటి కవరులో వేసి, ముడేసి ఇచ్చేది.

2017 ఆగస్టు 28న ఆ కవరు నేరమైంది. తయారుచేసినా, దిగుమతి చేసినా, అమ్మినా, వాడినా 20 లక్షల నుంచి 40 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, లేదా ఒకటి నుంచి నాలుగేళ్ల జైలు. 40 లక్షల షిల్లింగులంటే అప్పటి లెక్కలో మన 24 లక్షల రూపాయల పైమాటే. ప్రపంచంలోనే అత్యంత కఠినమైన ప్లాస్టిక్ సంచుల చట్టం ఇదేనని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. చిన్న వ్యాపారులను పట్టుకున్నప్పుడు కోర్టులు వేసిన జరిమానాలు చాలావరకు ఇంతకంటే ఎంతో తక్కువే. అయినా బల్ల మీద రోజూ నాలుగు కట్టలు అమ్ముకునే మనిషికి ఆ అంకె వింటేనే గుండె జారిపోతుంది.

మరి ఫలితం వచ్చిందా? వచ్చిందనే నేను అంటాను, అదీ గట్టిగా. నిషేధానికి ముందు కెన్యా సూపర్ మార్కెట్లు ఏటా సుమారు 10 కోట్ల సంచులు ఇచ్చేవని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. ఆ విభాగం ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా నైరోబీలోనే. ఆ సంచులు ఒక్కసారిగా మాయమయ్యాయి. జనం ఇంటి నుంచి సంచి తెచ్చుకోవడం నేర్చుకున్నారు. జనాభాలో 80 శాతం మంది ప్లాస్టిక్ సంచులు మానేశారని ప్రభుత్వ పర్యావరణ సంస్థ చెప్పుకుంది. నిషేధం అమలు చేసే సంస్థ చెప్పిన మాట కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించి చదువుకోవాలి. కానీ గాలి వీస్తే ముళ్ల చెట్లకు చిక్కుకుని రెపరెపలాడే సంచులు తగ్గాయన్నది వీధిలో నడిచేవాళ్లందరికీ కనబడే సంగతే.

నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకొకటి. నిషేధానికి ముందు కబేళాలకు వచ్చే ప్రతి పది పశువుల్లో సుమారు మూడింటి పొట్టలో ప్లాస్టిక్ సంచులు దొరికేవని, తర్వాత అది ఒకటికి తగ్గిందని ఏడాదిలోపే అక్కడి అధికారి ఒకరు చెప్పారు. మనకు ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్లు ఆవులకు ఆపరేషన్లు చేసి, పొట్టలోంచి కిలోల కొద్దీ కవర్లు బయటికి తీసి, ఆ బాధతోనే 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. కూరగాయల తొక్కలు వేసి ముడేసి పారేసిన కవరును పశువు విప్పుకోలేదు, ముడితో సహా మింగుతుంది. ఆకలి తీరనివ్వకుండా, పొట్ట నిండినట్టు అనిపిస్తూ నెమ్మదిగా చంపే చావు అది. పదింట్లో రెండు పశువులు ఆ చావు తప్పించుకున్నా సరే, ఆ చట్టం మంచి చట్టమే.

కెన్యాకు ఇది మొదటి ప్రయత్నం కాదు. 2007లో 30 మైక్రాన్ల కంటే పలచటి సంచులను నిషేధిస్తామన్నారు. 2011లో దాన్ని 60 మైక్రాన్లకు పెంచారు. రెండూ నీరుగారిపోయాయి. 2017లో మైక్రాన్ల ఊసే లేదు. పలచనైనా మందమైనా ప్లాస్టిక్ చేతిసంచి కనిపిస్తే తప్పే. ఆ తేడాలోనే అసలు కిటుకు ఉంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కొనేవాడి కంటికి అది కనపడదు, అమ్మేవాడికి తెలియదు, తనిఖీకి వచ్చినవాడి దగ్గర కొలిచే పరికరం ఉండదు. ఇక వాదన మొదలవుతుంది, వాదన దగ్గర బేరం మొదలవుతుంది. మన దేశంలో 2011 నుంచి నడుస్తున్న కథ ఇదే. మొదట 40 మైక్రాన్లు, 2016లో 50, 2021 సెప్టెంబరు చివర్లో 75, 2022 డిసెంబరు ముగిసేసరికి 120. మూడుసార్లు అంకె మారింది. రైతుబజారులో కొత్తిమీర కట్ట కొనండి, వేలు తడి చేసుకుని అంటుకున్న కవరును విడదీసి ఇచ్చే పద్ధతి మాత్రం అలాగే ఉంది. ఆ కవరు ఎన్ని మైక్రాన్లో ఇద్దరికీ తెలియదు.

అన్నట్టు, ఆ సంచిని మనం 'కవరు' అంటాం. ఉగాండాలో 'కవీరా' అంటారు. కెన్యాలో చాలామంది దాన్ని 'పేపర్ బ్యాగ్' అనేవారు. పేరుకు కాగితం, వస్తువు ప్లాస్టిక్. ప్లాస్టిక్ అన్న సంగతే మాటలో లేకుండా పోయేంతగా అది బతుకులో కలిసిపోయింది. ఇలా అలవాటైన వస్తువును జనం చేతిలోంచి తీయాలంటే మెత్తటి చట్టం సరిపోదు. అందుకే కెన్యా కాఠిన్యాన్ని నేను తప్పుపట్టను.

నేను తప్పుపట్టేది అది ఎవరి మీద పడిందన్నదే. మామా మ్బోగా బల్ల పక్కనే చిన్న కిరాణా కొట్టు ఉంటుంది. అక్కడ రొట్టె ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది. బిస్కెట్లు, సబ్బుపొడి, నూడుల్స్ అన్నీ ప్లాస్టిక్కే. అవన్నీ చట్టబద్ధం. ఫ్యాక్టరీలో సరుకుతో పాటే చుట్టిన ప్యాకింగుకు 2017 నిషేధం మినహాయింపు ఇచ్చింది. రెండడుగుల దూరంలో రెండు కవర్లు. ఒకటి కంపెనీది, దానికి పేరు, ముద్ర, అనుమతి ఉన్నాయి. ఇంకోటి తరిగిన ఆకుకూరది, దానికి జైలు ఉంది. రొట్టె కవరైనా, ఆకుకూర కవరైనా చివరికి చేరేది ఒకే మురికి కాలవలోకి, ఒకే పశువు పొట్టలోకి.

తయారీదారులు కూడా నష్టపోయారనీ, వేలాది ఉద్యోగాలు పోయాయనీ అక్కడి పరిశ్రమల సంఘం గగ్గోలు పెట్టింది. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే పెద్ద కంపెనీలు వేరే రకం సంచుల తయారీకి మళ్లాయి. గుడ్డలా కనిపించే నాన్ వోవెన్ సంచులు వచ్చాయి. అవీ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులే. పోటీ పెరిగి పలచబడి, రెండు వాడకాలకే చిరిగిపోయే స్థాయికి దిగజారితే, ఏడాది తిరగకుండానే 2018 మార్చి 31 నుంచి వాటినీ ఆపాలని పర్యావరణ సంస్థ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. మన ఊళ్లలో పెళ్లిళ్లకీ బట్టల షాపుల్లోనూ 'గుడ్డ సంచి' పేరుతో చేతిలో పెట్టేవి కూడా చాలావరకు ఇవే. ఒక కొసను అగ్గిపుల్లతో అంటించి చూడండి, నూలులా బూడిద కాకుండా కరిగి ముద్దవుతుంది.

మామా మ్బోగా ఏం చేసింది? కొన్నాళ్లు పాత న్యూస్ పేపరు. తడి ఆకుకు కాగితం నానిపోతుంది. కొందరు గిన్నెలు తెచ్చుకున్నారు. చాలామంది పని నుంచి నేరుగా వచ్చేవాళ్లు, వాళ్ల చేతిలో గిన్నె ఎక్కడ ఉంటుంది? కొన్నాళ్లకు పలచటి కవర్లు మళ్లీ బల్ల కిందికి చేరాయి. ఉగాండాలో 2007 నుంచీ నిషేధం మాటలు వినపడుతున్నా అమలు గట్టిగా లేదు. సరిహద్దు దాటి ఆ సరుకు వస్తూనే ఉంది. ఇంతకుముందు ఊరికే ఇచ్చే కవరు ఇప్పుడు దొంగచాటుగా కొని దాచుకోవాల్సిన సరుకైంది. ఆ టెన్షన్ అంతా ఆ చిన్న బేరగత్తెదే.

కిబేరా లాంటి మురికివాడల సంగతి చెప్పుకోవడానికి కూడా కష్టంగా ఉంటుంది. ఇంట్లో మరుగుదొడ్డి లేనివాళ్లు, ముఖ్యంగా రాత్రిళ్లు బయటికి వెళ్లడానికి భయపడే ఆడవాళ్లు, కవరులోనే కాలకృత్యాలు తీర్చుకుని బయటికి విసిరేసేవారు. 'ఎగిరే మరుగుదొడ్లు' అని వాటికి పేరు. కవరు మీద నిషేధం ఒక్క రోజులో వచ్చింది. మరుగుదొడ్లు అలా రాలేదు. పేదవాడి బతుకులో కవరు ఏ లోటును పూడుస్తోందో చూడకుండా కవరును మాత్రం లాగేస్తే, ఆ లోటు అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది.

ధర పెడితే జనం మారతారన్నది ఇంకో వాదం. దీన్ని దక్షిణాఫ్రికా 2003 మే నుంచే పరీక్షించింది. అక్కడ కంచెలకు, పొదలకు అంటుకున్న సంచులను 'జాతీయ పుష్పం' అని పిలిచేవారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. సంచి మందం పెంచి, దుకాణంలో డబ్బు కట్టి కొనుక్కోవాలన్నారు. మొదట్లో ఒక్కో సంచి 46 సెంట్లు. వాడకం అమాంతం పడిపోయింది. తర్వాత దుకాణాలు ధర తగ్గించాయి, జనానికి ఆ చిల్లర అలవాటైపోయింది, వాడకం మళ్లీ పైకి పాకింది. సంచి మీద ప్రభుత్వం మొదట వేసిన పన్ను 3 సెంట్లు, 2020 నాటికి 25 సెంట్లు చేసింది. ఆ డబ్బుతో రీసైక్లింగ్ నడపాలని పెట్టిన సంస్థ 2011లోనే మూతపడింది. హైదరాబాద్ సూపర్ మార్కెట్లో బిల్లు దగ్గర "కవర్ కావాలా?" అని అడిగితే మనలో ఎంతమందిమి ఆలోచించకుండా తలూపుతున్నామో చూసుకుంటే ఇది సులువుగానే అర్థమవుతుంది. కారులో వచ్చేవాడికి ఐదు రూపాయలు లెక్కలోకి రావు.

రువాండాను అందరూ ఆదర్శంగా చూపిస్తారు. 2008లోనే చట్టం, 2019లో ఒక్కసారి వాడి పారేసే ఇతర ప్లాస్టిక్ మీద ఇంకో చట్టం. రాజధాని కిగాలీ వీధులు శుభ్రంగా ఉంటాయన్నది నిజం. నెలలో చివరి శనివారం ఊరంతా కలిసి పనిచేసే 'ఉముగాండా' పద్ధతి అక్కడ ఉంది. అయితే అది ప్రభుత్వం మాట జవదాటని దేశం. అంత కట్టడి అందరికీ సాధ్యం కాదు, అందరూ కోరుకోవాల్సినదీ కాదు. ఆ సరిహద్దుల్లోనూ కాంగో వైపు నుంచి బట్టల కింద సంచులు చుట్టుకుని దాటుతూ పట్టుబడుతున్నవాళ్లలో చాలామంది పేద ఆడవాళ్లే. మొరాకో 2016 జులైలో 'జీరో మికా' (మికా అంటే అక్కడ ప్లాస్టిక్ సంచి) అని పెద్ద ప్రచారంతో నిషేధం మొదలుపెట్టింది. సూపర్ మార్కెట్లు మారాయి, పాత బజార్లలో దొంగ సంచులు నడుస్తున్నాయి.

నాకు అసలైన ఆశ కనిపించింది నిషేధంతో సంబంధం లేని చోట. నైరోబీ పేటల్లో కొన్నేళ్లుగా పాల ఏటీఎంలు వెలిశాయి. స్టీలు ట్యాంకు, కుళాయి, అంకెల మీటలు. సీసానో క్యానో తీసుకెళ్లి, మీ దగ్గరున్న చిల్లరకు ఎన్ని పాలు వస్తే అన్ని పట్టుకోవచ్చు. వంటనూనెకూ ఇలాంటి యంత్రాలు వచ్చాయి. గిన్నె తెచ్చుకోమని అక్కడ ఎవరూ జరిమానా వేయలేదు. ప్యాకెట్ పాలకంటే చవక కాబట్టి, ఇరవై షిల్లింగులకు కూడా పోస్తారు కాబట్టి జనం వాళ్లంతట వాళ్లే పాత్రలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఏ పూటకా పూట కొనుక్కునే బతుకును అక్కడ 'కడోగో' అంటారు, చిన్నమెత్తు అని. మన రూపాయి షాంపూ పాకెట్ల లోకమే అది. ఆ చిన్నమెత్తు బేరాన్ని ప్లాస్టిక్ లేకుండా నడిపించగలమని ఆ కుళాయి చూపించింది. పాలకేంద్రం దగ్గర చెంబుతో నిలబడ్డ తరం మన ఇళ్లలో ఇంకా ఉంది, వాళ్లను అడిగితే ఇందులో కొత్తేముందంటారు.

కాలుష్యం లెక్కకొస్తే, చేతిసంచి మొత్తం చెత్తలో ఒక ముక్క మాత్రమే. నైరోబీ చెత్తంతా చేరే దండోరా గుట్ట ఇక నిండిపోయిందని 2001లోనే ప్రకటించారు. అయినా ఈ రోజుకీ లారీలు అక్కడికే పోతున్నాయి. ఇప్పుడక్కడ ఏరుకునేవాళ్ల చేతికి దొరికేది సీసాలు, ప్యాకింగ్ రేకులు, పాకెట్లు. పశ్చిమాఫ్రికాలో అర లీటరు నీళ్ల పాకెట్లది మరో గోడు. కుళాయి నీళ్లు తాగలేని ఊళ్లో ఆ పాకెట్టును ఎలా నిషేధిస్తారు? సెనెగల్ 2020లో ఆ పని చేయబోయి, కరోనా రోజుల్లో ఆ భాగాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

బరువు ఎటు నెట్టాలో కంపెనీలకు బాగా తెలుసు. 2020 ఏప్రిల్లో, కెన్యాతో వాణిజ్య ఒప్పందం చర్చల సందర్భంగా, ప్లాస్టిక్ మీద ఆంక్షలు పెరగకుండా చూడాలని అమెరికా రసాయన కంపెనీల సంఘం తమ ప్రభుత్వానికి లేఖ రాసింది. కెన్యా మీదుగా ఆఫ్రికా మార్కెట్లోకి దారి దొరుకుతుందన్నది వాళ్ల లెక్క. 2022 మార్చి 2న అదే నైరోబీలో ప్లాస్టిక్ కాలుష్యంపై ప్రపంచ ఒప్పందం కుదుర్చుకోవాలని దేశాలన్నీ తీర్మానించాయి. ఆ ఒప్పందం దక్షిణ కొరియాలోని బూసాన్‌లో 2024లో తేలలేదు, జెనీవాలో 2025 ఆగస్టులోనూ తేలలేదు. ఉత్పత్తికి పరిమితి పెట్టాలా వద్దా అన్న దగ్గరే పెద్ద పేచీ. చమురు అమ్ముకునే దేశాలు అక్కడ మొండికేస్తున్నాయి.

కెన్యా మటుకు 2022లో చెత్త నిర్వహణ చట్టం, 2024లో తయారీదారుల బాధ్యత నిబంధనలు తెచ్చింది. మార్కెట్లోకి వదిలిన ప్యాకింగును తిరిగి సేకరించే ఖర్చు కంపెనీయే భరించాలని వాటి సారాంశం. ఇది 2017లోనే, సంచి నిషేధంతో పాటే రావాల్సిన నిబంధన. ఏడేళ్లు ఆలస్యమైంది. ఆ ఏడేళ్లూ తనిఖీవాళ్లు బల్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మామా మ్బోగా తన కవర్ల కట్టను కొంగు కింద దాచుకుంటూనే ఉంది, పక్క కొట్టులో రొట్టె మాత్రం తన కవరులో నిశ్చింతగా బల్ల ఎక్కి కూర్చుంది.