లబ్ధిదారుల లెక్క ఒక్కటే చాలదు

పేదరిక నిర్మూలన పథకం ఎలా నడిచిందని అడిగితే అధికారులు రెండు అంకెలు అప్పజెప్తారు: ఎన్ని కోట్లు ఖర్చయ్యాయి, ఎంతమందికి అందాయి. ఆ సాయం అందకపోతే ఆ కుటుంబం ఎలా ఉండేదని మాత్రం ఎవరూ అడగరు. ఆదాయం పెరిగినంత మాత్రాన అది పథకం ఘనతే కానక్కరలేదు. ఆ ఏడు వానలు బాగా పడి ఉండొచ్చు, కొడుకు పట్నంలో పనికి కుదిరి ఉండొచ్చు.

ఈ చిక్కుముడిని పకడ్బందీగా విప్పిన అధ్యయనం ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. మైక్రోఫైనాన్స్‌తో, అంటే పూచీకత్తు లేకుండా పేదలకిచ్చే చిన్న అప్పులతో, వాళ్ల బతుకులు మారిపోతాయని ప్రపంచమంతా నమ్ముతున్న రోజులవి. 2005లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం 104 బస్తీలను ఎంచుకుంది. లాటరీలో వచ్చిన 52 బస్తీల్లో స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ ముందుగా అప్పులివ్వడం మొదలుపెట్టింది, మిగతా 52 పోల్చి చూడటానికి. ఆరు నుంచి పది మంది ఆడవాళ్లు ఒక గ్రూపు, మొదటి అప్పు రూ.10,000, 50 వారాల కిస్తీలు. ఏడాదిన్నర గడిచాక రెండు రకాల బస్తీల్లోనూ కలిపి 6,800కు పైగా ఇళ్లకు వెళ్లి వివరాలు సేకరించారు. అప్పులు వచ్చిన చోట జనం మన్నికైన వస్తువులు కొనుక్కున్నారు, టీ, పొగాకు వంటి ఖర్చులు తగ్గించుకున్నారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కాస్త పెట్టుబడి పెంచారు. తలసరి నెల ఖర్చు మాత్రం పెరగలేదు. పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలాగని లాటరీ పద్ధతే సర్వస్వమని మేం అనడం లేదు. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అలాంటి ఇళ్ల గోడు సగటు లెక్కల్లో కనిపించదు. కిస్తీ రోజున బస్తీలో కూర్చుని చూడాల్సిందే. ఆ ఆర్డినెన్సు తర్వాత వసూళ్లు ఆగిపోయి, అవే సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. అలా అప్పులు తగ్గిన జిల్లాలను ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ పరిశీలిస్తే గ్రామీణ కూలి రేట్లు పడిపోయినట్టు తేలింది. అంటే అప్పు ముఖం చూడని కూలీకీ దెబ్బ తగిలింది. బస్తీకీ బస్తీకీ మధ్య పోలికలో ఇది దొరికేది కాదు.

ఉపాధి హామీలో మన దగ్గర 2006 నుంచి సాగుతున్న సామాజిక తనిఖీది మరో దారి. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మండల ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు. పనికి రానివాళ్ల పేరిట పడ్డ హాజరు అక్కడ బయటపడుతుంది. ఎవరు తిన్నారో అది చెప్తుంది. పేదరికం తగ్గిందో లేదో చెప్పదు, ఆ పని దానికి అప్పగించనూ లేదు.

కొందరికి ఇచ్చి కొందరిని ఆపడం అన్యాయం కాదా అన్న అభ్యంతరం ఎప్పుడూ ఉండేదే. నిజానికి తొలి ఏడాదే అందరికీ ఇచ్చేంత నిధులు ఎప్పుడున్నాయి? ఎలాగూ విడతలవారీగానే ఇస్తారు. ఎమ్మెల్యే సిఫార్సు కంటే లాటరీ అన్యాయమేమీ కాదు. ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపుకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు ఉమ్మడి రాష్ట్రం 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఇదే చేసింది. కూలి డబ్బు త్వరగా చేతికందిందనీ, ఉపాధి హామీలో లీకేజీ తగ్గిందనీ రుజువైంది కూడా.

కాబట్టి కొత్త పథకం జీవోలోనే మూడు సంగతులు రాయాలి: మొదటి సర్వే ఎప్పుడు, ఎవరితో పోల్చి చూస్తారు, నివేదిక ఏ తేదీకి బయటపెడతారు. ఫలితం ప్రభుత్వానికి రుచించినా రుచించకపోయినా ఆ నివేదిక, పథకానికి మరుసటి ఏడు నిధులు అడిగే ముందే శాసనసభ ముందుకు రావాలి.