పార్టీలకు 1976 దాకా మాఫీ, సంస్థకు బస్సు అమ్మినా నేరమే

2025 సెప్టెంబరు 24, బుధవారం లద్దాఖ్‌లోని లేహ్‌లో ఆందోళనల్లో నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గురువారం అక్కడ బడి నడిపే సెక్‌మోల్ సంస్థకు ఉన్న విదేశీ విరాళాల లైసెన్సును కేంద్ర హోంశాఖ రద్దు చేసింది. శుక్రవారం ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు, లద్దాఖ్ ఉద్యమ నేత సోనమ్ వాంగ్‌చుక్‌ను జాతీయ భద్రతా చట్టం కింద అరెస్టు చేసి జోధ్‌పూర్ జైలుకు తరలించారు. లద్దాఖ్‌కు రాష్ట్ర హోదా ఇవ్వాలా, గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చే ఆరో షెడ్యూలులో చేర్చాలా అన్నది పెద్ద చర్చ. దాన్ని అలా ఉంచి, గురువారం నాటి ఆ ఉత్తర్వు గురించే ఇవాళ మాట్లాడదలచుకున్నాం.

అందులో రాసిన కారణాలు చదివితే ఎవరికైనా కడుపు మండుతుంది. సంస్థ దగ్గర ఒక పాత బస్సు ఉండేది. అమ్మితే రూ.3.35 లక్షలు వచ్చాయి. బస్సు కొన్నదే విదేశీ విరాళంతో కాబట్టి, అమ్మిన డబ్బును కూడా ఆ ఖాతాలోనే వేశామని సంస్థ చెప్పుకుంది. మామూలు లెక్క ప్రకారం ఎవరైనా చేసేది అదే. ఆ జవాబు కుదరదని హోంశాఖ తేల్చింది. ఇంకో కారణం మరీ దారుణం. స్వీడన్ నుంచి ఒక దాత రూ.4.93 లక్షలు పంపారు. యువతకు వలసలు, వాతావరణ మార్పు, సేంద్రియ సాగు, ఆహార సార్వభౌమత్వం గురించి చెప్పే కార్యక్రమం కోసం ఇచ్చిన డబ్బది. ఆహార సార్వభౌమత్వం అంటే ఏ పంట వేయాలో, ఏ విత్తనం దాచుకోవాలో, ఏం తినాలో ఊరూ రైతూ తామే తేల్చుకోవడం. మన జహీరాబాద్ వైపు చిరుధాన్యాలు పండించే మహిళా రైతులు ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. ఉత్తర్వు రాసినవారికి మాత్రం అందులో 'సార్వభౌమత్వం' ఒక్కటే కనపడింది. దేశ సార్వభౌమత్వం మీద అధ్యయనానికి విదేశీ డబ్బు తీసుకోవడం కుదరదని రాసేశారు. పక్కనున్న 'ఆహార' అన్న మాట చదవలేదా, చదివీ వదిలేశారా?

షోకాజ్ నోటీసు ఆగస్టు 20నే వెళ్లింది కాబట్టి లేహ్ ఘటనతో దీన్ని ముడిపెట్టకూడదని అనేవారున్నారు. బయటి నుంచి వచ్చే డబ్బు మీద నిఘా ఉండాల్సిందే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన కఠిన సవరణలను 2022లో సుప్రీంకోర్టు సమర్థించిన మాటా వాస్తవమే. ఒప్పుకుంటాం. మా ప్రశ్న ఒక్కటే: ఆ నిఘా అందరి మీదా ఉందా?

లేదు. దీనికి సాక్ష్యం పార్లమెంటు రికార్డుల్లోనే ఉంది. విదేశీ యాజమాన్యంలోని వేదాంత గ్రూపు కంపెనీల నుంచి బీజేపీ, కాంగ్రెస్ రెండూ విరాళాలు తీసుకున్నాయి. ఇది విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమంటూ, ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థతో కలిసి కోర్టుకు వెళ్లింది మన తెలుగువాడే, కేంద్రంలో కార్యదర్శిగా చేసిన ఈఏఎస్ శర్మ. 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ రెండు పార్టీలూ చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చి, ఆరు నెలల్లో చర్య తీసుకోమంది. చర్య తీసుకోలేదు సరికదా, ఏకంగా చట్టాన్నే మార్చేశారు. 2016లో ఫైనాన్స్ బిల్లులో పెట్టి 'విదేశీ' అన్న మాటకు అర్థం మార్చారు. అది 2010 నాటి చట్టం వరకే పనికొచ్చింది, అంతకు ముందు తీసుకున్న డబ్బుకు వర్తించలేదు. దాంతో 2018లో మళ్లీ ఫైనాన్స్ బిల్లులోనే ఆ తేదీని 1976 ఆగస్టు 5కు జరిపారు. 42 ఏళ్లు వెనక్కి! ఆ సవరణ కాగితం మీద అందరికీ వర్తిస్తుందని వాదించవచ్చు. బయటపడింది ఎవరో దేశమంతటికీ తెలుసు.

2018 మార్చి 14న ఆ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండా పాసైంది. అప్పుడు మన తెలుగు ఎంపీలు ఏం చేస్తున్నారో గుర్తుందా? ప్రత్యేక హోదా కోసం, రిజర్వేషన్ల కోసం ప్లకార్డులు పట్టుకుని వెల్‌లో నినాదాలు చేస్తున్నారు. ఆ గోలలోనే రెండు పెద్ద పార్టీల పాత తప్పులన్నీ మాఫీ అయ్యాయి. కాంగ్రెస్ నోరు మెదపలేదు. ఎలా మెదుపుతుంది? ఈ చట్టాన్ని ఎమర్జెన్సీలో తెచ్చింది తనే, 2010లో బిగించింది తనే, కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం వద్దన్న ఉద్యమం వెనుక అమెరికా ఎన్జీవోలు ఉన్నాయన్నదీ తన ప్రధానే. మాఫీలో వాటా కూడా తనకు దక్కింది.

ఇటు సంస్థ నడిపేవాళ్ల పరిస్థితి చూడండి. విదేశీ విరాళం వస్తే ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ బ్రాంచిలోనే ముందు పడాలి. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, అకౌంటెంటు జీతం లాంటివి అన్నీ కలిపి 20 శాతం దాటకూడదు. ఒకప్పుడు 50 శాతం దాకా ఉండేది. పెద్ద సంస్థ తనకొచ్చిన డబ్బులోంచి ఏజెన్సీ ఊళ్లో పని చేసే చిన్న సంస్థకు ఒక్క రూపాయి ఇవ్వకూడదు. ఢిల్లీలో కన్సల్టెంట్లను, ఇంగ్లిష్‌లో రిపోర్టులు రాసేవాళ్లను పెట్టుకోలేని ఆ చిన్న సంస్థలు నిజానికి బతికింది అలా వచ్చిన డబ్బుతోనే. 2020తో ఆ దారి మూసుకుపోయింది. అనుమానం వస్తే లైసెన్సు 180 రోజులు సస్పెండ్, కావాలంటే ఇంకో 180 రోజులు. అంటే తప్పు తేలకముందే దాదాపు ఏడాది పాటు ఖాతా బంద్. ఆ ఏడాది నర్సులకు, టీచర్లకు జీతాలు ఎవరిస్తారు? ట్రస్టీలు ఎప్పుడు ఏ కాగితం వస్తుందోనన్న టెన్షన్‌తో బతుకుతున్నారు. రద్దయితే మూడేళ్ల పాటు మళ్లీ దరఖాస్తు కూడా చేయకూడదు. పార్టీలకు మాత్రం 1976 దాకా మాఫీ. 2020లోనే పెట్టిన పీఎం కేర్స్ నిధికి ఈ చట్టం నుంచే మినహాయింపు.

ఇదంతా ఎక్కడో లద్దాఖ్ గొడవని అనుకోవద్దు. 2025లోనే అనంతపురం జనం రోడ్డెక్కారు. ఆసుపత్రులు, పేదల ఇళ్లు కట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ లైసెన్సు రెన్యువల్ ఆగిపోయిందని తెలిసి ఊళ్ల నుంచి తరలివచ్చారు. 1969లో ఆ సంస్థ వ్యవస్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ ఆ కరవు నేలకు వచ్చాక అక్కడ ఏం జరిగిందో ఆ జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. బత్తలపల్లి ఆసుపత్రి దగ్గరికి పొద్దున్నే వెళ్లి చూడండి. ఆటోల్లోంచి దిగే కాన్పు మనుషులు, కొంగు చాటున పసిబిడ్డతో ఓపీ చీటీ కోసం నిలబడ్డ అమ్మమ్మలు, ఎవరూ చూడకుండా హెచ్‌ఐవీ మందులు తీసుకుపోయే కూలీలు. స్పెయిన్‌లో ముక్కూ మొహం తెలియని మామూలు జనం నెలనెలా పంపే చిన్న చిన్న మొత్తాలతో నిలబడింది ఆ ఆసుపత్రి. ఆ డబ్బుతో దేశానికి ముప్పట! ఒక రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని బతిమాలుకోవాల్సి రావడమే సిగ్గుచేటు. పలుకుబడి ఉన్న సంస్థ కాబట్టి, జిల్లా అంతా కదిలింది కాబట్టి ఆర్డీటీ పేరు పేపర్లో వచ్చింది. 2012 నుంచి ఇప్పటికి 20 వేలకు పైగా సంస్థల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. వాటిలో దొంగ సంస్థలూ ఉండవచ్చు. ఏది దొంగదో, ఏది ఫారం ఆలస్యంగా నింపిందో, ఏది ప్రభుత్వాన్ని ప్రశ్నించిందో తేల్చి చెప్పే బాధ్యత హోంశాఖకు లేదా?

లద్దాఖ్‌లో ఇప్పుడు పడిన దారి ప్రమాదకరమైనది. ఎవరైనా ఉద్యమం చేస్తే, ఆయన నడిపే బడి ఖాతా పుస్తకం తెరిచి పాత బస్సు వెతకడం అలవాటైతే, రేపు పోలవరం నిర్వాసితుల తరఫున మాట్లాడే మనిషికీ ఇదే జరుగుతుంది. ఎల్లుండి ఫార్మా కాలుష్యం మీద కేసు వేసిన మనిషికీ ఇదే జరుగుతుంది. ప్రభుత్వం మారినా పద్ధతి మారదు. చేతికందిన ఆయుధాన్ని ఎవరూ అటక మీద పెట్టరు.

రెండు రాష్ట్రాల 42 మంది లోక్‌సభ సభ్యులను సూటిగా అడుగుతున్నాం. ఈ ప్రభుత్వం నిలబడిందే మిత్రపక్షాల బలం మీద, అందులో మీలో చాలామంది ఉన్నారు. ఆర్డీటీ ఒక్కదానికి మినహాయింపు ఇప్పించుకుని వచ్చి సన్మానాలు చేయించుకోవడం కాదు మీ పని. రూ.3.35 లక్షల బస్సుకు లైసెన్సు రద్దు చేసిన చట్టం, మీ కళ్ల ముందే రెండు పార్టీలను 42 ఏళ్ల వెనక్కి వెళ్లి ఎందుకు వదిలేసిందో పార్లమెంటులో లేచి అడగండి. ఆ రోజు ప్లకార్డుల గోలలో వినపడలేదంటారా, ఇప్పుడు చదువుకోండి. పోయినసారి ఓట్లకు వెళ్లి ఆర్డీటీ కట్టిన ఇళ్ల గుమ్మాల ముందే దండాలు పెట్టారు. మళ్లీ వెళ్లినప్పుడు ఆ ఇంటావిడ 1976 సంగతి అడిగితే ఏం చెబుతారు?