పెరటి చెట్టుకు నీళ్లేవి?

2025 నవంబర్ 16. బుడాపెస్ట్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ముగియడానికి క్షణాలే మిగిలాయి. హంగరీతో స్కోరు 2-2. డ్రా అయితే ఐర్లాండ్ ప్రపంచకప్ ఆశలు అక్కడితో సరి. 96వ నిమిషంలో ట్రాయ్ పారట్ కాలు చాచి బంతిని గోల్‌లోకి నెట్టాడు. ఆ రోజు అతనికది మూడో గోల్. అంతకు మూడు రోజుల ముందు డబ్లిన్‌లో పోర్చుగల్‌ను 2-0తో ఓడించినప్పుడూ రెండు గోల్సూ అతనివే. అలా ప్రపంచకప్ అర్హతకు చివరి మెట్టయిన ప్లేఆఫ్‌లో చోటు దక్కించిన ఈ కుర్రాడు అప్పటికి ఆడుతున్నది ఇంగ్లండ్‌లో కాదు. లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ అతన్ని టీనేజీలోనే తీసుకుంది గానీ సొంత జట్టులో ఆడనిచ్చింది అరుదు. మిల్‌వాల్, ఇప్స్‌విచ్, ఎంకే డాన్స్, ప్రెస్టన్ అంటూ క్లబ్బు తర్వాత క్లబ్బుకు అరువిచ్చింది. నెదర్లాండ్స్ వెళ్లి ఏజెడ్ ఆల్క్‌మార్‌లో కుదురుకున్నాకే అతని ఆట నిలకడగా సాగింది.

ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో మనవాళ్లు ఎందరు? ఐర్లాండ్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న లెక్క ఇది. ఆ సంఖ్య తగ్గితే జాతీయ జట్టు పనైపోయినట్టేనని దిగులు. అందులో అర్థం లేకపోలేదు. 1990 ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టులో అత్యధికులు ఇంగ్లిష్ క్లబ్బుల వాళ్లే. 1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ మొదలైన వారం, బ్రిటన్, ఐర్లాండ్‌లకు బయటివారు తుది జట్లలో ఆడింది 13 మందే. ఐర్లాండ్ కుర్రాడు అక్కడ పరాయివాడు కాదు, పక్కూరివాడు. మాంచెస్టర్ యునైటెడ్‌లో రాయ్ కీన్, డెనిస్ ఇర్విన్ చెరి ఏడు లీగ్ టైటిళ్లు గెలిచారు. ఆ తర్వాత టీవీ డబ్బు వరదలా వచ్చింది. యూరప్ ఆటగాళ్లు దేశాల హద్దులు లేకుండా క్లబ్బులు మారే వీలిచ్చిన 1995 నాటి బోస్మన్ తీర్పుతో యూరప్ తలుపులు తెరుచుకున్నాయి. క్లబ్బులు ప్రపంచమంతా గాలించి ఆటగాళ్లను కొనడం మొదలుపెట్టాయి. డబ్లిన్ కుర్రాడు ఇప్పుడు పోటీపడాల్సింది లీడ్స్ కుర్రాడితో మాత్రమే కాదు, బ్రెజిల్, సెనెగల్ కుర్రాళ్లతో కూడా.

అయినా అసలు జబ్బు ఆ సంఖ్య కాదని మా అభిప్రాయం. 2021 మార్చిలో డబ్లిన్‌లోనే చిన్న దేశమైన లక్సెంబర్గ్ చేతిలో 1-0తో ఓడిన ఐర్లాండ్ జట్టులోనూ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లున్నారు. మరోపక్క ఐస్‌లాండ్‌ను చూడండి. అప్పట్లో జనాభా మూడున్నర లక్షల లోపే. ప్రీమియర్ లీగ్‌లో ఆడేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ దేశం 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌నే ఇంటికి పంపింది, 2018 ప్రపంచకప్‌కూ వెళ్లింది. చలికాలంలోనూ పిల్లలు ఆడుకునేలా పెద్ద పెద్ద ఇండోర్ హాళ్లు కట్టుకుని, శిక్షణ పొందిన కోచ్‌లను ఊరూరా పెట్టుకుంది. ఆ జట్టును నడిపిన హెయిమిర్ హాల్‌గ్రిమ్సన్‌నే 2024లో ఐర్లాండ్ తన కోచ్‌గా తెచ్చుకుంది. ఆయన వృత్తిరీత్యా దంతవైద్యుడు కూడా. మనిషిని తెచ్చుకున్నారు సరే, ఆ పద్ధతి మాటేమిటి?

తరాల తరబడి ఐర్లాండ్ తన పిల్లల్ని పొరుగింట్లో పెంచింది. 15, 16 ఏళ్లకే పడవో విమానమో ఎక్కించి ఇంగ్లండ్ అకాడమీలకు పంపేది. ఖర్చు వాళ్లది, పేరు మనది అనుకుంది. అక్కడ నిలదొక్కుకోలేక ఇరవై ఏళ్లకే చదువూ ఆటా లేకుండా తిరిగొచ్చిన వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. డేమియన్ డఫ్, రాబీ కీన్ లాంటివాళ్లు ఆ దారినే వెళ్లి గొప్పవాళ్లయ్యారు, కాదనం. కానీ పాల్ మెక్‌గ్రాత్ 22 ఏళ్ల దాకా ఇంటి దగ్గరే ఆడాడు. రాయ్ కీన్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లేనాటికి ఐర్లాండ్ క్లబ్బు కోబ్ రాంబ్లర్స్‌లో పెద్దవాళ్ల మధ్య దెబ్బలు తిని రాటుదేలాడు. ఈ ఇద్దరూ తర్వాత ఇంగ్లండ్‌లో ఆ ఏటి మేటి ఆటగాళ్లుగా సాటి ఆటగాళ్ల ఓటు గెలిచారు.

పొరుగింట్లో పెరిగే పిల్లలతో ఇంకో చిక్కుంది. లండన్‌లో పుట్టిన డెక్లాన్ రైస్ తాత, నాయనమ్మల పక్షం నుంచి ఐర్లాండ్‌కు మూడు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి, 2019లో ఇంగ్లండ్ వైపు వెళ్లిపోయాడు. మనకు క్రికెట్‌లో ఇలాంటి కథ తెలిసిందే. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కూ ఆడిన మోర్గాన్ డబ్లిన్ వాడే, అదే ఏడాది ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ గెలిపించాడు. అయితే ఫుట్‌బాల్‌లో ఐర్లాండ్ మరీ ఏడవక్కర్లేదు. 1990 నాటి కోచ్ జాక్ చార్ల్‌టన్ కట్టిన గొప్ప జట్టులో చాలామంది అలా తాతల ఊరు చూపించి వచ్చినవాళ్లే.

ఇప్పుడు పొరుగింటి తలుపు తనంతట తానే మూసుకుంది. బ్రెగ్జిట్‌తో 2021 జనవరి నుంచి 18 నిండని విదేశీ ఆటగాళ్లను తీసుకునే వీలు ఇంగ్లిష్ క్లబ్బులకు లేదు. అది శాపమని చాలామంది అన్నారు. కానీ 2025 ఫిబ్రవరిలో డబ్లిన్ క్లబ్బు షామ్‌రాక్ రోవర్స్ తరఫున 16 ఏళ్ల కుర్రాడు నార్వే వెళ్లి, యూరప్ పోటీలో అక్కడి మోల్డే క్లబ్బు మీద గెలుపు గోల్ కొట్టాడు. పాత రోజుల్లో అయితే ఆ వయసుకు ఇంగ్లండ్‌లో ఏదో క్లబ్బు కుర్రాళ్ల జట్టులో ఆడుతూ ఉండేవాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు సొంత లీగ్‌ను ఐర్లాండ్ ఎన్నడూ పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ సంఘం లెక్కల్లో అవకతవకలు 2019లో బయటపడి, మరుసటి ఏడాది మొదట్లోనే ప్రభుత్వం ఆదుకోవాల్సి వచ్చింది. క్లబ్ అకాడమీల్లో పూర్తికాలపు కోచ్‌ల కొరత ఇప్పటికీ ఉంది. మరి ఇదే దేశంలో గుర్రప్పందాలకు, కుక్కల పందాలకు సర్కారు నిధి 2025లో దాదాపు 10 కోట్ల యూరోలు. ఫుట్‌బాల్ మీద కాసే పందేల పన్నులోంచి తమకూ కొంత ఇమ్మని అకాడమీలు అడుగుతున్నాయి. అది దానమేమీ కాదు, ఇచ్చి తీరాల్సిందే. 2009లో స్లైగో రోవర్స్ నుంచి షేమస్ కోల్‌మన్‌ను ఎవర్టన్ 60 వేల పౌండ్లకు పట్టుకుపోయింది. సెయింట్ పాట్రిక్స్ అథ్లెటిక్‌లో ఆడిన మేసన్ మెలియాను 18 నిండేదాకా ఆగి తీసుకోవడానికి టోటెన్‌హామ్ ఆ లీగ్‌లో ఎన్నడూ లేనంత ధర కట్టింది, సుమారు 19 లక్షల యూరోలు. ఇల్లు వదలకముందే పెద్దవాళ్ల జట్టులో గోల్స్ కొట్టి చూపించిన కుర్రాడి ధర అది.