మామయ్యగారికి సమన్లు, నాకు నాలుగో కుర్చీ

టెక్సస్‌లో డాలస్ పక్కన మా కౌంటీలో (మన జిల్లాలాంటిది) జ్యూరీ సమన్లు, అంటే కేసు విని దోషో నిర్దోషో తేల్చే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోమనే కోర్టు పిలుపు, మా ఇంట్లో మొదట వచ్చింది నాకు కాదు, మామయ్యగారికి. ఆయన ప్రకాశం జిల్లాలో తహసీల్దారుగా రిటైరై, కూతురి దగ్గర ఉందామని గ్రీన్ కార్డు మీద వచ్చిన మనిషి. కవరు మీద కోర్టు ముద్ర చూడగానే అత్తయ్యగారు, "ఆ సిగ్నల్ దగ్గర ఆగకుండా తిప్పొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను, విన్నారా?" అని అందుకున్నారు. ఆయన మాత్రం కళ్లజోడు తుడుచుకుని, మొదటినుంచి చివరిదాకా చదివి, కాగితం నలక్కుండా బల్లమీద పెట్టి, "తీర్పు చెప్పడానికి రమ్మంటున్నారు. నా కోటు ఇస్త్రీ చేయించాలి" అన్నారు.

టెక్సస్‌లో జ్యూరీకి పిలిచే పేర్లు ఓటర్ల జాబితాలోంచి మాత్రమే తీయరు. డ్రైవింగ్ లైసెన్సు, ఐడీ కార్డు ఉన్నవాళ్ల జాబితా కూడా అందులో కలుపుతారు. ఆ కుప్పలోంచి కంప్యూటరు పేర్లు లాగుతుంది. లైసెన్సుకి పౌరసత్వం అక్కర్లేదు, జ్యూరీకి కావాలి. అందుకే గ్రీన్ కార్డు వాళ్లకీ, వీసా మీద ఉన్నవాళ్లకీ కూడా ఈ ఉత్తరాలు దిగబడుతుంటాయి. 'పౌరుణ్ణి కాను' అన్నచోట టిక్కు పెట్టి పంపేస్తే సరి. ఇదంతా వివరించాను.

"అంటే ఓటుకి పనికిరాను గానీ తీర్పుకి పనికొస్తానన్నమాట" అన్నారాయన.

"రెండింటికీ పనికిరారు మామయ్యగారూ."

ఆయన లోపలికెళ్లి పౌరసత్వ పరీక్ష పుస్తకం పట్టుకొచ్చారు. ఇంకా రెండేళ్లు ఆగితేగానీ దరఖాస్తే పెట్టకూడదు, అయినా అప్పుడే సగం కంఠతా. అందులో అప్పట్లో ఒక ప్రశ్న ఉండేది: అమెరికా పౌరులకు మాత్రమే ఉన్న ఒక బాధ్యత చెప్పండి. జవాబు: జ్యూరీలో కూర్చోవడం. "చూడు బాబూ, పౌరులకు మాత్రమే ఉన్న బాధ్యత. అది నాకు రాతపూర్వకంగా అప్పగించారు. ఇప్పుడు నేనెవర్ని?"

జీవితమంతా రెవెన్యూ శాఖలో ఫైళ్లు నడిపినాయనతో వాదించి గెలిచినవాడు లేడు. నేనూ గెలవలేదు. ఏ టిక్కూ పెట్టకుండా వెళ్లి కూర్చుంటే గ్రీన్ కార్డుకే ఎసరొస్తుందని మా ఆవిడ అనేసరికి మెత్తబడ్డారు.

"మన దేశంలోనూ ఉండేది" అన్నారు దిగులుగా. "భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో తొమ్మిదిమంది కూర్చుని ఎనిమిదిమంది నిర్దోషి అంటే, జడ్జిగారు ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ చట్టం వచ్చేసరికి ఆ పద్ధతే లేకుండా పోయింది. అక్కడ నా ఉద్యోగం కుదుటపడేలోపు తీసేశారు, ఇక్కడ నన్ను గడప తొక్కనివ్వరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే."

కొన్నాళ్లకి నాకొచ్చింది. నేను పౌరుణ్ణే, తప్పించుకునే దారి లేదు. ఎగ్గొడితే 100 నుంచి 1000 డాలర్ల దాకా జరిమానా. వెళ్తే మొదటి రోజుకి 20 డాలర్లు, ఆపైన రోజుకి 58. ఆఫీసులో అదే వారం సాఫ్ట్‌వేర్ రిలీజు. టీ దగ్గర ఉచిత సలహాలు కురిశాయి. పోలీసులంటే పడదను, ఇంగ్లీషు రాదను, ముఖం చూస్తే దొంగెవడో తెలిసిపోతుందను. మామయ్యగారి సలహా ఒక్కటే: "తిన్నగా కూర్చో. ఆవులించకు."

కోర్టులో పెద్ద హాలు, చల్లటి ఏసీ, జ్యూరీ ఎంత పవిత్రమో చెప్పే వీడియో, చిల్లర మింగి చిప్స్ ఇవ్వని మిషను. నా పేరు పిలవబోయి క్లర్కు రెండు అక్షరాల దగ్గర ఆగిపోయింది; ఆ నిశ్శబ్దాన్ని బట్టే నేనని తెలిసి లేచి నిలబడ్డాను. నా నంబరు ఇరవై ఆరు. పక్కనున్న పెద్దాయన భుజం తట్టి, "ఇంటికెళ్లిపోతావులే" అన్నాడు. లెక్క సులువు. చిన్న నేరాలకి కౌంటీ కోర్టులో జ్యూరీ ఆరుగురే. ఇరుపక్షాల లాయర్లూ చెరో మూడు పేర్లు కారణం చెప్పకుండా కొట్టేయొచ్చు. మిగిలినవాళ్లలో ముందు వరస నంబర్లు ఆరూ కుర్చీ ఎక్కుతాయి. ఇరవై ఆరు దాకా రావాలంటే ముందున్నవాళ్లందరికీ మశూచి రావాలి. నేను ఫోనులో సాయంత్రం మీటింగుకి 'వస్తున్నా' అని కొట్టేశాను.

అప్పుడు డిఫెన్సు లాయరు లేచి మా ముఖాలన్నీ ఒకసారి పరకాయించి, "షఫుల్ అడుగుతున్నాను" అన్నాడు. టెక్సస్‌లో ఇదొక విచిత్రం: ప్రశ్నలు మొదలుకాకముందు ఏ పక్షమైనా వరస కలపమని అడగొచ్చు. అంటే ముందు కూర్చున్నవాళ్ల వాలకం నచ్చకపోతే పేకముక్కలు మళ్లీ కలపడమే. కలిపారు. నా నంబరు నాలుగు.

కేసు తాగి కారు నడపడం. (అది ముగిసిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.) ప్రాసిక్యూటరు చిన్నపిల్ల, "పోలీసు ఒక్కడే సాక్షి అయితే నమ్ముతారా?" అని అడిగింది. వెనక నుంచి ఒకాయన, పోలీసు చెప్పాడంటే అబద్ధమేనని చిన్న ఉపన్యాసం ఇచ్చి, జడ్జిగారి దగ్గర రెండు ముక్కలు మాట్లాడి, ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాడు. నా పక్కన రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు తెచ్చుకుని, ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తింది. జ్యూరీలో కూర్చోవాలన్నది తన చిరకాల కోరికట. నేను నోరు కుట్టేసుకున్నాను.

డిఫెన్సాయన నా దగ్గరకొచ్చాడు. "ఏం చేస్తుంటారు?"

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్."

ఆయన ముఖం వెలిగింది. "ఊపిరి పరీక్ష మిషను చెప్పిందంటే ఇక తిరుగులేదని నమ్ముతారా?"

"మిషన్లు తప్పు చెప్పకపోతే నాకు జీతం ఎవరిస్తారు?"

కోర్టంతా నవ్వింది. ప్రాసిక్యూటరు పిల్ల నవ్వకుండా ఏదో రాసుకుంది. నన్ను కొట్టేసిందని సంబరపడ్డాను.

జాతి చూసి ఎవర్నీ కొట్టేయకూడదని 1986లోనే, ఆడా మగా అని చూసి కొట్టేయకూడదని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మిగతా దాదాపు ఏ కారణానికైనా కొట్టేయొచ్చు, అసలు కారణం లేకపోయినా సరే. పేర్లు చదివారు. కావాలన్న టీచరమ్మని తీసేశారు. పెన్సిళ్లు సంచిలో వేసుకుంటూ ఆవిడ నావైపు చూసిన చూపుకి సెక్షనుంటే నాకు శిక్ష పడేది. ప్రాసిక్యూటరు దగ్గరున్న మూడు కొట్టివేతలూ నాకంటే ఘనులకే సరిపోయినట్టున్నాయి. నేను నాలుగో కుర్చీలో కూర్చున్నాను. ఇందులో ఎవర్నీ ఎంచుకోవడం ఉండదని అప్పుడర్థమైంది. ఇద్దరు లాయర్లకీ భయం పుట్టించనివాళ్లు మిగులుతారంతే.

సాక్ష్యం సగంలో ఉండగా సాయంత్రమైంది. కేసు గురించి ఇంట్లోవాళ్లతో సహా ఎవరితోనూ మాట్లాడొద్దని గట్టిగా చెప్పి, రేపు రమ్మని జడ్జిగారు పంపేశారు.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారు గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నారు.

"హత్యా?"

"చెప్పకూడదండీ."

"పేర్లొద్దు. దోషా, నిర్దోషా?"

"ప్రమాణం చేశాను మామయ్యగారూ."

"అల్లుడివి, పరాయివాడివి కాదు. తహసీల్దారుగా నేనెన్ని రహస్యాలు దాచలేదు?"

"అవును, దాచారు" అన్నారు అత్తయ్యగారు వంటింట్లోంచి. "ఒంగోలు స్థలం సంగతి నాకు పదేళ్లకి తెలిసింది."

ఆయన అది విననట్టే ఊరుకున్నారు. భోజనం దగ్గర పప్పు వడ్డించుకుంటూ, "కారు కేసయ్యుంటుంది" అన్నారు నా ముఖంలోకి చూస్తూ. నేను తలెత్తలేదు.

"కారే!" అన్నారు. "టయోటానా, హోండానా? అది చెబితే తప్పేముంది?"