కీటన్‌ను ముక్కల్లో చూస్తే దక్కేది సగమే

ఇంటి ముందు గోడ మొత్తం ఒక మనిషి మీద కూలుతుంది. సరిగ్గా కిటికీ ఖాళీ పడే చోట నిలబడి ఉన్నాడు కాబట్టి బతికి బయటపడతాడు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లోని ఈ ముక్క ఫోన్లలో ఎంత తిరిగిందో చెప్పక్కర్లేదు. అబ్బా అనుకుని వేలితో పైకి తోసేస్తాం. ఇలా చూసీ చూసీ అమెరికన్ మూకీ సినిమాల హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ మన దృష్టిలో ప్రాణాలకు తెగించిన స్టంట్‌మ్యాన్‌గా మిగిలిపోయాడు. అతను అంతకన్నా చాలా పెద్దవాడు. అది తెలియాలంటే 1926లో తీసిన ‘ది జనరల్’ను ఏకబిగిన చూడాలి. గంటా పావు సినిమా, అంతే.

కథ చిన్నది. 1862లో, అమెరికా అంతర్యుద్ధం మధ్యలో, జార్జియాలో నిజంగా జరిగిన రైలింజన్ దొంగతనం దానికి ఆధారం. జానీ గ్రే (కీటనే) అనే డ్రైవర్ ఇంజన్‌ను ఉత్తరాది గూఢచారులు ఎత్తుకుపోతారు. అతను ఒంటరిగా వెంటపడి, దాన్ని తిరిగి తెచ్చుకుంటాడు.

వెళ్లే దారి ఉత్తరానికి, వచ్చే దారి దక్షిణానికి. సినిమా బలమంతా ఇక్కడే ఉంది. సగం సినిమాలో జానీ తరుముతాడు, మిగతా సగంలో వాళ్లు అతన్ని తరుముతారు. వెళ్లేటప్పుడు శత్రువులు అతని మీద వాడిన ఎత్తులనే వచ్చేటప్పుడు అతను వాళ్ల మీద వాడతాడు. ఆరోహణలో విన్న స్వరాలే అవరోహణలో మళ్లీ వినిపించినట్టు, ముందు నవ్వించిన సంగతే కొత్త అర్థంతో తిరిగొస్తుంది. మొదటి సగం చూడనివాళ్లకు రెండో సగంలో జరిగేది మామూలు ఛేజింగ్ మాత్రమే.

ఇంజన్ చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద అతను కూర్చునే దృశ్యం తీసుకోండి. సైన్యంలో చేర్చుకోలేదు. ప్రేమించిన అమ్మాయి పిరికివాడనుకుంది. దిగులుగా ఆ కడ్డీ మీద కూలబడతాడు. ఇంజన్ కదులుతుంది. కడ్డీతో పాటు పైకి లేస్తాడు, కిందికి దిగుతాడు, ఆ ధ్యాసే ఉండదు. చక్రం ఒక్కసారి జారి గిర్రున తిరిగితే ప్రాణం పోయేదే. ముక్కగా చూస్తే ఈ ప్రమాదం ఒక్కటే కనిపిస్తుంది. వరసలో చూసినవాళ్లకు ఆ మనిషి దుఃఖం కనిపిస్తుంది. ముఖంలో ఏ కదలికా లేదు, మాటలు రాసి చూపించే టైటిల్ కార్డు లేదు, క్లోజప్ లేదు. మనిషినీ ఇంజన్‌నూ ఒకే ఫ్రేములో ఉంచి కెమెరా దూరంగా ఆగిపోయింది. నవ్వాలో జాలిపడాలో తేల్చుకునే పని ప్రేక్షకుడికే వదిలేశాడు కీటన్. ప్రతి జోకుకూ వెనకాల ఒక శబ్దం వేసి ‘ఇక్కడ నవ్వండి’ అని చెప్పే ఇప్పటి కామెడీ ఆ గౌరవం మనకు ఇవ్వడం లేదు.

వంతెన కూలే షాట్ సంగతీ అంతే. ఒరెగాన్‌లోని కాటేజ్ గ్రోవ్ దగ్గర నిజమైన ఇంజన్‌ను తగలబడుతున్న వంతెన మీదికి పంపి, నదిలో పడేశారు. బొమ్మ కాదు, రెండో టేకుకు వీల్లేదు. కానీ నా లెక్కలో అసలు నవ్వు ఆ తర్వాతి షాట్‌లో ఉంది. వంతెన మీదుగా వెళ్లొచ్చని ఆజ్ఞ ఇచ్చిన సైన్యాధికారి ముఖం చూపిస్తాడు కీటన్. అంత ఖర్చూ ఆ ముఖం కోసమే పెట్టాడేమో అనిపిస్తుంది.

హీరో బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణాది పక్షం కదా, అతన్ని చూసి ఎలా నవ్వుతామని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. బానిసత్వం ఊసే లేకుండా ఆ యుద్ధం గురించి సినిమా తీయడం కచ్చితంగా లోపం. అయితే జానీకి పక్షం మీద భక్తి కన్నా ఇంజన్ మీద, ఆ అమ్మాయి మీద ప్రేమే ఎక్కువ. యుద్ధాన్నీ సేనాపతులనూ ఈ సినిమా ఎక్కడా గొప్ప చేయదు.

విడుదలైనప్పుడు ఇది ఆడలేదు. రెండేళ్లలో కీటన్ స్వతంత్రం పోగొట్టుకుని ఎంజీఎం స్టూడియో జీతగాడయ్యాడు. 1950ల్లో, ఒకప్పుడు కీటన్‌దైన ఇంట్లో ఉంటున్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడ పాత రీళ్లు దొరికాయి. ఆయన పారేయలేదు. ఇలా రీళ్లను దాచినవాళ్ల పుణ్యమే కీటన్ ఇవాళ మనకు దక్కడం.

మరి మనం ఏం దాచుకున్నాం? తెలుగు సినిమాకు ఆద్యుడు రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు లేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటూ లేదు. దేశంలో తీసిన మూకీల్లో మిగిలినవి బహు కొద్ది. వెండి కోసం రీళ్లు కరిగించారు, తేమకు వదిలేశారు, కొన్ని మంటల్లో పోయాయి. వెంకయ్య పేరు మీద అవార్డు మాత్రం పెట్టుకున్నాం. పాత సినిమా ఎవరు చూస్తారనే సాకు చెల్లదు. 2010లో ‘మాయాబజార్’కు రంగులు వేసి విడుదల చేస్తే జనం థియేటర్లకు వెళ్లారు. రెండు తెలుగు ప్రభుత్వాలూ, ఫిల్మ్ ఛాంబరూ కలిసి హైదరాబాద్‌లో చల్లదనం, తేమ అదుపులో ఉండే రీళ్ల భాండాగారం కట్టాలి. పాత నిర్మాతల ఇళ్లలో, ల్యాబుల్లో మూలుగుతున్న నెగటివ్‌లు ముందుగా అక్కడికి చేరాలి. ఈ పనికి ఇంకో పదేళ్లు ఆగితే తెచ్చి పెట్టడానికి రీళ్లు ఉండవు.