ఎగరడమనే అనవసరపు తొందర

రేడియో కంట్రోల్‌తో నడిచే భారీ బైప్లేన్ (ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలుండే విమానం) నమూనాను ఇంట్లో నిర్మించుకుంటున్న ప్రతి గృహస్థునూ మన సమాజం ఒకే ప్రశ్నతో వేధిస్తోంది: "ఏమండీ, ఇంతకీ ఎప్పుడు ఎగురుతుంది?" పక్క ఫ్లాటు వారు అడుగుతారు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అడుగుతాడు, పండక్కి వచ్చిన బావమరిది మరీ నొక్కి అడుగుతాడు. విమానమంటే ఎగిరేదని చిన్నప్పుడు వాచకంలో చదువుకున్నవారిని తప్పుపట్టి లాభం లేదు. అయినా చెక్క, గుడ్డ, తీగ, జిగురు పెట్టుకుని ఒక మనిషి ఏళ్ల తరబడి చేస్తున్న తపస్సును చివర్లో ఎప్పుడో వచ్చే పది నిమిషాల గగనవిహారంతో తూచడం అన్యాయమనీ, ఆ విహారం ఎంత ఆలస్యమైతే లోకానికి అంత క్షేమమనీ విన్నవించుకోవడం ఈ వ్యాసకర్త కర్తవ్యంగా భావిస్తున్నాడు.

ముందుగా పరిమాణం సంగతి. అమెరికాలో భారీ నమూనాల నిర్మాతల సంఘమైన ఐఎంఏఏ లెక్కలో ఒంటి రెక్కల విమానానికి 80 అంగుళాల రెక్క ఉంటేనే అది భారీ నమూనా. బైప్లేన్‌కు మాత్రం 60 అంగుళాలు చాలు. ఈ రాయితీని మనవారు సాధారణంగా వాడుకోరు, ఎందుకంటే రాయితీ మీద వచ్చిన పెద్దరికం పెద్దరికం కాదు. కాబట్టి తిరిగి తిరిగి నాలుగో వంతు టైగర్ మాత్ దగ్గరికే చేరుకుంటారు. 1931లో బ్రిటన్‌లో డి హావిలాండ్ సంస్థ తయారుచేసిన ఈ శిక్షణ విమానానికి రెక్కల నిడివి 29 అడుగుల 4 అంగుళాలు. అందులో నాలుగో వంతు 88 అంగుళాలు, అంటే డబుల్ కాట్ మంచం మీద నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా బయటికి పొడుచుకొచ్చే కొలత. పైగా హైదరాబాదు వారికి దీని మీద ఒక వారసత్వ హక్కు కూడా ఉంది: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో కుర్రకారు ఎగరడం నేర్చుకున్నది ఈ టైగర్ మాత్‌ల మీదే. అటువంటి బేగంపేటకు కూతవేటు దూరంలో మూడు పడకగదుల ఫ్లాటు కొనుక్కున్న వ్యక్తి, అందులో ఒక గదిని పిల్లల చదువుకని కేటాయిస్తే చరిత్ర అతన్ని క్షమిస్తుందా?

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఎగతాళిగా అన్నారు గానీ, ఈ రంగంలో అదే సక్రమమైన పద్ధతి. మొదటి రిబ్బు, అంటే రెక్క లోపలి పక్కటెముక, కోయక ముందే తోక మీద రాయవలసిన వీటీ అక్షరాలు (భారతీయ విమానాల రిజిస్ట్రేషన్ గుర్తు), పసుపులో ఏ ఛాయ, కాక్‌పిట్‌లో కూర్చునే పైలట్ బొమ్మకు మీసం ఉండాలా వద్దా అనేవన్నీ తేలిపోతాయి. ఆ తరువాతే బాల్సా చెక్క కోసం వేట మొదలవుతుంది. ఈక్వడార్‌లో పెరిగే ఈ తేలికపాటి చెక్కను గాలిమరల రెక్కల లోపల కూడా నింపుతారు. అందుకే 2020లో ప్రపంచమంతా పవన విద్యుత్తు మీద పడగానే దానికి కరువొచ్చి ధర ఆకాశాన్నంటింది. భూతాపాన్ని తగ్గించడానికి దేశదేశాలూ చేస్తున్న ప్రయత్నం వల్ల మన గృహస్థు పై రెక్క ఆగిపోయిందన్న సంగతి ఏ వాతావరణ సదస్సులోనూ చర్చకు రాలేదు.

ఇక శాస్త్రం. పొడవు నాలుగో వంతుకు తగ్గిస్తే రెక్కల వైశాల్యం 16వ వంతుకూ, బరువు 64వ వంతుకూ దిగాలి. అసలు టైగర్ మాత్ ఖాళీ బరువు 500 కిలోల పైమాటే కాబట్టి నమూనా 8 కిలోల దగ్గర ఆగడం ధర్మం. ఆ ధర్మాన్ని నిలబెట్టడానికి నిర్మాత ప్రతి రిబ్బుకూ రంధ్రాలు పొడిచి, గరుకు కాగితంతో రుద్ది, వంటింటి త్రాసు మీద పెట్టి, అర గ్రాము తగ్గిందని ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తాడు. అంతా అయ్యాక విమానాన్ని గరిమనాభి దగ్గర వేళ్ల మీద నిలబెడితే తోక నేలకు వాలిపోతుంది. అసలు విమానం ముక్కున 130 హార్స్‌పవర్ల జిప్సీ మేజర్ ఇంజిన్ కూర్చుని తోకను లేపి ఉంచేది. నమూనాలో దాని చోట ఉండేది గుప్పెట్లో పట్టే పెట్రోలు ఇంజిన్. తోక దూరంగానూ ముక్కు దగ్గరగానూ ఉంటాయి గనుక వెనక ఒక గ్రాము ఎక్కువైతే ముందు రెండు మూడు గ్రాములు వేయాలి. అలా ఏడాది పాటు గ్రాముల్లో తగ్గించిన బరువును ఒక్క సాయంత్రంలో సీసం రూపంలో, అరకిలో చొప్పున, ముక్కులోకి తిరిగి చెల్లిస్తాడు. ఇంతటి నిజాయితీ గల పన్ను చెల్లింపుదారుడు ఆదాయపు పన్ను శాఖకు కూడా దొరకడు.

రెక్కల దగ్గర మరొక లోతైన విషయం ఉంది. టైగర్ మాత్ రెక్కలు తిన్నగా ఉండవు. ముందు సీటులోని శిక్షకుడు ప్రమాద సమయంలో పారాచూట్‌తో సహా బయటికి దూకడానికి వీలుగా పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపారు, అలా జరిపినందుకు బరువు లెక్క చెడకుండా రెక్కలను వెనక్కి వాల్చారు. మనిషి ప్రాణం కోసం పుట్టిన ఆ వాలును నమూనాలో డిగ్రీల లెక్కన కొలిచి, చెక్క చట్రంలో బిగించి, పొరపాటున ఒక మిల్లీమీటరు తేడా వస్తే జిగురు ఊడదీసి మళ్లీ అతికిస్తారు. నమూనాలో దూకవలసిన శిక్షకుడు లేడు, పారాచూట్ అంతకన్నా లేదు. పై రెక్కలు రెండూ ఎడమవే తయారైన ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఆ విషయం ఎత్తకూడదు.

అయితే ఈ కళకు శిఖరం కుట్టు. అసలు విమానాల్లో రెక్క మీద పరచిన గుడ్డ గాలికి ఉబ్బకుండా దాన్ని ప్రతి రిబ్బుకూ మైనపు దారంతో కుట్టి, ముడులు వేసి, పైన రంపపు అంచు గల పట్టీ అతికించేవారు. నమూనాలో గుడ్డ జిగురుతోనే నిలుస్తుంది, కుట్టవలసిన పని లేదు. లేదు గనుకనే కుట్టాలి. కళ్లద్దాలు ముక్కు మీదికి జారవిడిచి, సూది తీసేసిన సిరంజిలో ఫెవికాల్ నింపుకుని, స్కేలు పెట్టి చూసుకుంటూ, ప్రతి రిబ్బు మీదా ఆవగింజంత చుక్కలు సమాన దూరంలో పెట్టుకుంటూ పోతాడు. ఊపిరి బిగబట్టి పెట్టిన చుక్క పక్కకు ఒరిగితే తడి గుడ్డతో తుడిచి మళ్లీ పెడతాడు. పైరెక్క పైభాగం, అడుగు, తరువాత కిందిరెక్క పైభాగం, అడుగు. అవి ముడుల్లా ఆరిన తరువాత వాటి మీద పట్టీ అతికిస్తాడు, పట్టీ మీద రంగు వేస్తాడు, రంగు వేశాక ఆ చుక్కలున్న సంగతి అతనికీ దేవుడికీ తప్ప తెలియదు. ఇంత చేసినవాడిని పట్టుకుని ఎగరలేదేమని అడగడానికి నోరెలా వస్తుందో!

ఎగరడానికి ప్రయత్నం జరగదని కాదు. తెల్లవారుజామున గాలి నిలిచి ఉన్నప్పుడు మైదానానికి చేరతారు. నాలుగు రెక్కలు తగిలించి, వాటి మధ్య స్తంభాలు బిగించి, తీగలు లాగడం మొదలవుతుంది. గాలిలో ఉన్నప్పుడు రెక్కను కిందికి పట్టే తీగలు కొన్ని, నేల మీద రెక్కను పైకి మోసే తీగలు మరికొన్ని. నులక మంచం బిగించినట్టే ఒక వైపు లాగితే రెండో వైపు వదులవుతుంది. అన్నీ సమానంగా కుదిరేసరికి ఎండ ఎక్కుతుంది, ఎండతో పాటు గాలి లేస్తుంది. టైగర్ మాత్‌కు బ్రేకులుండవు, తోక కింద చక్రం బదులు ఒక లోహపు ముక్క నేలను గీసుకుంటూ వస్తుంది. పక్కగాలి తగిలితే విమానం ఉన్నచోటే గిర్రున తిరిగి రెక్క నేలకు రాసుకుంటుందని విజ్ఞులు గంభీరంగా తల ఊపుతారు. తీగలు విప్పి, ఇడ్లీలు తిని, అందరూ సురక్షితంగా ఇళ్లకు చేరుకుంటారు. విమానయాన భద్రతలో ఇంతకు మించిన రికార్డు ఏ ఎయిర్‌లైన్సుకైనా ఉంటే చూపించమనండి.

చట్టం కూడా ఈ సంయమనాన్నే కోరుతోంది. 2021 నాటి డ్రోన్ రూల్స్ దృష్టిలో గుడ్డ రెక్కల ఈ పాతకాలపు పుష్పకం, పెళ్లిళ్లలో వీడియో తీసే నాలుగు ఫ్యాన్ల యంత్రం ఒకే జాతి. 2 కిలోలు దాటి 25 కిలోల లోపు ఉంటే 'చిన్న' తరగతి. రెండేళ్లుగా ఇంట్లో ఒక గదిని మింగేసిన వస్తువును ప్రభుత్వం చిన్నదనడం నిర్మాత మనసును గాయపరచినా, అతని భార్యకు మాత్రం ఆ నిబంధన చూపించడం ఉపయోగకరం. ఎగరేయదలచిన చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ మండలమో, పసుపో, ఎరుపో ప్రభుత్వం వారి డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి. విమానాశ్రయం పక్కన ఫ్లాటు కొన్నవారికి ఆకుపచ్చ ఎక్కడ దొరుకుతుంది?

టైగర్ మాత్‌ను డ్రోన్ అంటారా అని ఆవేశపడేవారు చరిత్ర చూసుకోవడం మంచిది. 1935లో బ్రిటిష్ వారు ఇదే విమానాన్ని రేడియోతో, పైలట్ లేకుండా ఎగరేశారు. క్వీన్ బీ అనే ఆ రకాన్ని విమాన విధ్వంసక తుపాకుల వారు గురి నేర్చుకోవడానికి వందల సంఖ్యలో కట్టారు. టైగర్ మాత్ దేహం ఉక్కు గొట్టాలతో చేసినదైతే, క్వీన్ బీ దేహం చెక్కతో చేసినది. అంటే చెక్కతో కట్టి రేడియోతో నడిపే నమూనా టైగర్ మాత్‌కు నకలు అవునో కాదో గానీ, క్వీన్ బీకి మాత్రం అచ్చమైన తోబుట్టువు. ఈ వాదనలో చిక్కు ఒక్కటే. ఒంటరిగా ఎగిరే టైగర్ మాత్ పైలట్ వెనక సీటులో కూర్చుంటాడు, అందుకే మీసాల బొమ్మను అక్కడే అతికించారు. క్వీన్ బీలో వెనక సీటు రేడియో పరికరాలది, మనిషి ఎక్కవలసి వస్తే ముందు సీటులోనే ఎక్కాలి. బొమ్మను ముందుకు మారిస్తే ముక్కులో సీసం కొంత తగ్గించుకోవచ్చు. కానీ ఆ మార్పు కోసం ముందు సీటు కాక్‌పిట్‌ను మళ్లీ తవ్వాలి, పసుపు రంగు గీకాలి, వీటీ అక్షరాలు చెరిపి బ్రిటిష్ సైనిక సంఖ్య రాయాలి. కనుక పని సంక్రాంతి తరువాత మొదలవుతుందని విశ్వసనీయ వర్గాల భోగట్టా.