పోటీ కావాల్సింది కొనే చోట

ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు కరెంటు అమ్మితే బిల్లు దానంతట అదే తగ్గుతుందన్న మాట ఢిల్లీ నుంచి మళ్లీ వినిపిస్తోంది. 2014లో తెచ్చిన విద్యుత్ చట్ట సవరణ బిల్లు సభ కాలంతోపాటే మురిగిపోయింది. 2022 ఆగస్టు 8న లోక్‌సభలో పెట్టిన బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లి, 2024లో సభ రద్దు కావడంతో కాలగర్భంలో కలిసింది. 2025 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ మరో ముసాయిదాను ప్రజల ముందుంచింది. ఒకే ప్రాంతంలో ఒకరికి మించి లైసెన్సుదారులు, ఇప్పుడున్న తీగలనే పంచుకుని కరెంటు అమ్ముకోవచ్చన్నది అందులో ముఖ్యమైన అంశం. వేసవి వచ్చిందంటే బిల్లు చూసి గుండె గుభేలుమనే హైదరాబాద్ మధ్యతరగతికి ఇది చల్లటి కబురే. కానీ ఇంటి బిల్లును నిర్ణయించేది కరెంటు అమ్మేవారి సంఖ్య కాదని, కేంద్రం చూపుతున్న దారిలో వెళితే ముందుగా నష్టపోయేది తక్కువ వాడుకునే ఇళ్లేనని మా నిశ్చితాభిప్రాయం.

మీటరు రీడింగ్ తీసి చేతికిచ్చే ఆ చిన్న కాగితంలోనే విషయమంతా ఉంది. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి తొలి వందకు రూ.3.40, మలి వందకు రూ.4.80 చొప్పున ఎనర్జీ చార్జీ రూ.820. ఇంకొక్క యూనిట్ కాలిందా, స్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 పడుతుంది, ఆ 201వ యూనిట్‌కు రూ.7.70. వెరసి రూ.1,027.70. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైచిలుకు భారం. ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోయినా ఈ గీత దాటేయవచ్చు. ఇలాంటి నిలువు గోడను స్లాబుల మధ్య నిలబెట్టడం అన్యాయమని ఈ సందర్భంగా చెప్పక తప్పదు.

అదే పట్టికలో ఇంకో సంగతి ఉంది. 100 యూనిట్లతో నెట్టుకొచ్చే ఇంటికి పడేది రూ.252.50. 500 యూనిట్లు కాల్చే ఇంటికి రూ.3,640. సగటున మొదటి ఇల్లు యూనిట్‌కు రూ.2.53 కడితే రెండోది రూ.7.28 కడుతోంది. కరెంటు తెచ్చి గుమ్మం దాకా చేర్చడానికి యూనిట్‌కు అయ్యే ఖర్చు మాత్రం తలాబ్‌కట్టలో రెండు ఫ్యాన్ల ఇంటికైనా, కొండాపూర్‌లో నాలుగు ఏసీల ఫ్లాటుకైనా ఇంచుమించు ఒకటే. ఉన్నవాడు కాస్త ఎక్కువ కట్టాలి, లేనివాడికి దీపం ఆరకూడదు అన్న సమాజపు ఒప్పందం ఆ తేడాలో ఉంది. పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు కూడా ఈ భారంలో కొంత మోస్తున్నాయి.

ఇప్పుడు కొత్త కంపెనీ ఊళ్లోకి వచ్చిందనుకుందాం. అది ముందు ఎవరి తలుపు తడుతుంది? కొండాపూర్ ఫ్లాటుకు వెళ్లి, యూనిట్‌కు ముప్పావలా తగ్గిస్తామంటుంది. ఆ ఇంటివారు మారతారు, మారడంలో తప్పూ లేదు. తలాబ్‌కట్ట ఇంటిని మాత్రం పాత డిస్కంకే, అంటే ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థకే వదిలేస్తుంది. ఎక్కువ కట్టేవారు తరలిపోయాక మిగిలిన లోటును పూడ్చడానికి రెండే దారులు: ఖజానా నుంచి సబ్సిడీ పెంచడం, లేదా కింది స్లాబుల రేట్లు పెంచడం. ఖజానా సంగతి అందరికీ తెలిసిందే. తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా 2024 మార్చి నుంచి జీరో బిల్లు ఇస్తున్నారు. ఆ సొమ్మును ప్రభుత్వం ముందుగానే డిస్కంకు జమ చేయాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. సర్కారు బకాయిల కోసం ప్రభుత్వ డిస్కం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది, ప్రైవేటు కంపెనీ ఎదురుచూడదు.

ఇది ఊహ కాదు, ముంబై అనుభవం. సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పుతో అక్కడ టాటా పవర్‌కు చిల్లర వినియోగదారులకు అమ్మే హక్కు ఖాయమైంది. 2009లో మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అప్పటికే అక్కడ కరెంటు ఇస్తున్న రిలయన్స్ తీగల మీదుగానే టాటా కరెంటు తీసుకునే వీలు కల్పించింది. చౌకగా ఉండటంతో జనం బారులు తీరారు. ఆ తర్వాతే చిక్కులు మొదలయ్యాయి. వెళ్లిపోయినవారి మీద తీగల వాడకం చార్జీకి తోడు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ, అంటే తక్కువ రేటు ఇళ్ల లోటు పూడ్చే అదనపు రుసుము వేయాల్సి వచ్చింది. ఎక్కువ వాడేవారినే ఏరుకుంటున్నారన్న ఫిర్యాదుల మీద 2012లో మండలి జోక్యం చేసుకుని, నెలకు 300 యూనిట్ల లోపు ఇళ్లకే కొత్తగా మారే అవకాశాన్ని పరిమితం చేసింది. పోటీ పెట్టాక ఆ పోటీకి పగ్గాలు వేయడానికే నియంత్రణ మండలికి ఏళ్లు పట్టింది.

సిమ్ మార్చుకున్నట్టు కరెంటు కంపెనీని మార్చుకోవచ్చని సమర్థకులు అంటారు. ఆ పోలిక కుదరదు. మొబైల్ కంపెనీలు ఎవరి టవర్లు, ఎవరి తరంగాలు వారు తెచ్చుకుని పోటీ పడ్డాయి, కొత్త టెక్నాలజీతో ఖర్చు దించాయి. కరెంటులో స్తంభం ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. గాలివానకు అంబర్‌పేటలో అర్ధరాత్రి ఫీడర్ ట్రిప్పయితే బిల్లు మీద ఏ కంపెనీ పేరున్నా నిచ్చెన పట్టుకుని వచ్చే లైన్‌మన్ ఒక్కడే. చిల్లర అమ్మకందారు చేతిలో మిగిలేది బిల్లింగు, వసూళ్లు, కాల్ సెంటరు. బిల్లులో వీటి వాటా చాలా చిన్నది. అందులో ఎంత పొదుపు చేసినా ఇంటికి దక్కేది పైసల్లోనే.

బ్రిటన్ 1998-99లో ఇళ్ల కరెంటు మార్కెట్‌ను పూర్తిగా తెరిచింది. దాదాపు 20 ఏళ్ల తర్వాత, 2016లో, అక్కడి పోటీ వ్యవహారాల సంస్థ లెక్క తేలిస్తే 2012-15 మధ్య కుటుంబాలు ఏటా సగటున 140 కోట్ల పౌండ్లు అదనంగా కట్టినట్టు బయటపడింది. ఆరు పెద్ద కంపెనీల వినియోగదారుల్లో నూటికి 70 మంది కంపెనీ తనంతట తాను తగిలించిన ఖరీదైన ప్లానులోనే ఉండిపోయారు. ఎప్పటికప్పుడు ప్లాన్లు పోల్చి చూసి మారగలిగేది తీరికా, ఇంటర్నెట్టూ ఉన్నవారు. వృద్ధులు, పేదలు వెనకబడ్డారు. చివరికి 2019 జనవరి 1 నుంచి ప్రభుత్వమే ధరకు పరిమితి పెట్టింది. 2021లో గ్యాస్ ధరలు ఎగబాకగానే చిన్నాచితకా కంపెనీలు పాతిక పైనే చేతులెత్తేశాయి. 15 లక్షలకు పైగా వినియోగదారులున్న బల్బ్ అనే కంపెనీని సర్కారు డబ్బుతో నడపాల్సి వచ్చింది. దివాలాల ఖర్చును దేశమంతా తమ బిల్లుల్లో కట్టింది. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపానప్పుడు టోకు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. టోకు ధరకే ఇస్తామన్న కంపెనీని నమ్మిన ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు పడ్డాయి.

పోటీకి మేము వ్యతిరేకం కాదు. అది ఎక్కడ పెడితే ఫలితమిస్తుందో కళ్లెదుటే రుజువు ఉంది. దేశంలో 2010లో జాతీయ సౌర మిషన్ కింద తొలి వేలం జరిగినప్పుడు యూనిట్ పది రూపాయలు దాటింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99కి దిగింది. అది తయారీదారుల మధ్య, కొనుగోలు చేసే చోట జరిగిన పోటీ. డిస్కం ఖర్చులో నూటికి 70 నుంచి 80 వంతులు కరెంటు కొనడానికే పోతాయి కాబట్టి మన బిల్లు ఖరారయ్యేది కూడా అక్కడే.

ఆ కొనుగోళ్లలో తెలంగాణ ఏం చేసింది? ఛత్తీస్‌గఢ్ నుంచి వెయ్యి మెగావాట్లు పోటీ టెండర్లు లేకుండా ఒప్పందం మీద తీసుకున్నాం. మణుగూరులో 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రాన్ని, బొగ్గు ఎక్కువ తినే పాత సబ్‌క్రిటికల్ పద్ధతిలో కట్టాం. 4,000 మెగావాట్ల యాదాద్రిని సింగరేణి గనులకు దూరంగా దామరచర్లలో పెట్టాం. దాని బొగ్గును రైలు మీద తెచ్చుకోవాలి. ఈ మూడింటి మీద 2024లో న్యాయ విచారణ కమిషన్ కూర్చుంది, జస్టిస్ మదన్ బి. లోకూర్ నివేదిక ఇచ్చారు. అప్పటి ప్రభుత్వానికి కరెంటు కోతలు తప్పించాలన్న తొందర ఉందనేది నిజమే, కోతలు తప్పాయన్నదీ నిజమే. కానీ కరెంటు తీసుకోకపోయినా ఏళ్ల తరబడి కట్టాల్సిన స్థిర చార్జీల మీద సంతకం పడ్డాక బిల్లు ఎవరు ముద్రిస్తేనేం? పదిమంది అమ్మకందార్లు వచ్చినా, ఆ పాత ఒప్పందాల భారాన్ని ఎవరో ఒకరు మోయక తప్పదు.

ప్రభుత్వ డిస్కం తీరు బాగుందని దీనర్థం కాదు. ఏఈ ఆఫీసుకు పదిసార్లు తిరిగితే గాని కొత్త మీటరు రాని ఇళ్లు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి గంటలు ఎదురుచూసేవారూ ఉన్నారు. ఆ నిర్లక్ష్యాన్ని సరిదిద్దే అధికారం, జరిమానా వేసే అధికారం నియంత్రణ మండలికి ఇప్పటికే ఉంది. దాన్ని వాడాలి.

ఈ నగరం చార్జీల కోసం నెత్తురు చిందించింది. సంస్కరణల పేరుతో పెంచిన రేట్లకు నిరసనగా 2000 ఆగస్టు 28న అసెంబ్లీకి బయలుదేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. అప్పుడు కూడా విద్యుత్ బోర్డును ముక్కలు చేస్తే సామర్థ్యం పెరిగి ధర తగ్గుతుందనే చెప్పారు. ఆ చేదు అనుభవం ఉన్న రాష్ట్రం కాబట్టే తాజా ముసాయిదాపై మన ప్రభుత్వం గట్టిగా నోరు విప్పాలి. పోటీ తెస్తే కొత్త లైసెన్సుదారు తన ప్రాంతంలో అడిగిన ప్రతి ఇంటికీ, జీరో బిల్లు ఇంటికీ కరెంటు ఇచ్చి తీరాలన్న షరతు చట్టంలోనే ఉండాలి. కంపెనీ మునిగితే ఆ భారం మిగతా ఇళ్ల మీద పడకుండా ముందే డిపాజిట్ కట్టించుకోవాలి. ఈ రెండూ లేని బిల్లును తెలంగాణ ఎంపీలు, ఏ పార్టీ వారైనా, అంగీకరించకూడదు.

ఢిల్లీ తేల్చేదాకా ఆగకుండా రాష్ట్రం చేయగలిగింది చాలా ఉంది. 200 యూనిట్ల దగ్గరి గోడను పడగొట్టి, పెరిగిన యూనిట్లకే పెరిగిన రేటు వేయవచ్చు. వ్యవసాయ, ఎత్తిపోతల కనెక్షన్లకు మూడో డిస్కం పెట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. దాని సబ్సిడీని మూడు నెలలకోసారి ముందే జమ చేస్తామని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇకపై ఒక్క మెగావాటు కూడా బహిరంగ వేలం లేకుండా కొనబోమని ప్రకటించవచ్చు. ఏ కేంద్రం నుంచి ఎన్ని యూనిట్లు ఎంతకు కొన్నారో, వాడుకోకుండానే ఏ ఒప్పందానికి ఎంత స్థిర చార్జీ కట్టారో నియంత్రణ మండలి నెలనెలా తెలుగులో బయటపెట్టాలి. వచ్చే టారిఫ్ విచారణ లోపే ఆ పట్టిక జనం చేతిలో ఉండాలి.